తలుపు తీసే మనిషి

నాకు ఇంగ్లీషు రాదు, అరబీ చదవడం రాదు. అందుకేనేమో ఆ సినిమాలు నాకు అంత బాగా అర్థమయ్యాయి.

కువైట్‌లో, అర్దియా అనే పేటలో నేను పనిచేసే ఇంటి పెద్దాయనకు ఎనభై దాటాయి. యజమాని మగమనిషైతే మాకు బాబా, ఆడమనిషైతే మామా. పక్షవాతం వచ్చి బాబాకు కుడివైపు పడిపోయింది గానీ మాటకూ బుర్రకూ ఏమీ కాలేదు. వయసులో ఉండగా అమెరికా పోయి చదువుకున్నాడట. అక్కడ పట్టుకున్న పిచ్చి పాత సినిమాలది. సాయంత్రం చేసే అసర్ నమాజు అయ్యాక నేను చక్రాల కుర్చీని టీవీ ముందుకు తోసి, ఆయన పడిపోయిన చేతివేళ్ళు ఒక్కొక్కటే సాగదీస్తూ పక్కన కూర్చుంటాను. ఆయన ఎడమచేత్తో రిమోటు నొక్కుతాడు. నలుపు తెలుపు బొమ్మ. టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, సిగరెట్టు పొగ, వాన, తుపాకీ, శవం. మా నాయన పుట్టకముందు తీసినవట అవి. అందులో తిరిగే మనుషుల్లో ఒక్కరు కూడా ఇప్పుడు బతికి ఉండరు, అయినా రోజూ సాయంత్రం మా ఇంట్లో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని చంపుతూనే ఉంటారు.

సగం అయ్యాక బాబా బొమ్మ ఆపేసి నావైపు తిరుగుతాడు. "మినూ హరామీ?" దొంగ ఎవరు, చెప్పు. అది మా ఇద్దరి ఆట.

మొదట్లో నేను ప్రతిసారీ పనిమనిషినే చూపించేదాన్ని. ఎందుకంటే పోలీసులు ఆ ఇంట్లోకి రాగానే ముందు గద్దించేది ఆమెనే. నా లెక్క ప్రకారం పోలీసులకు నాకంటే ఎక్కువ తెలియాలి కదా. బాబా నవ్వేవాడు. పనిమనిషి ఎప్పుడూ దొంగ కాదు, గుర్తుపెట్టుకో అనేవాడు. ఎందుకు కాదని అడిగితే, దొంగ కావాలంటే అతనికొక కథ ఉండాలి, కోపమో ఆశో ఉండాలి, పనిమనిషికి ఎవరూ కథ రాయరు, ఆమె తలుపు తీయడానికే ఉంటుంది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దొంగతనానికి కూడా పనికిరామన్నమాట.

అప్పటినుంచి నేను ఆ సినిమాల్లో కథ చూడటం మానేసి ఆమెనే చూడటం మొదలుపెట్టాను. ప్రతి సినిమాలోనూ ఉంటుంది. తలుపు చప్పుడవుతుంది. నల్లటి మనిషి, ఒళ్ళున్న మనిషి, తెల్ల గుడ్డ నడుముకు కట్టుకొని వచ్చి తలుపు తీస్తుంది. వచ్చినవాళ్ళ కోటూ టోపీ అందుకుంటుంది. లోపలికి పోతుంది. ఖలాస్. ఇంట్లో శవం పడితే ముందుగా చూసేది ఆమే, కేకపెట్టేది ఆమే. కళ్ళు గుండ్రంగా తిప్పి వణికిపోతుంది, అది చూసి జనం నవ్వాలి. ఒక సినిమాలో రైల్లో పెట్టెలు మోసేవాడు నల్లవాడు, ఇంకోదాంట్లో లిఫ్టు నడిపేవాడు, మరోదాంట్లో బూట్లు తుడిచేవాడు. టోపీ మనిషి వాళ్ళ దగ్గరికొచ్చి ఒక ముక్క అడుగుతాడు. వాళ్ళు ఒక ముక్క చెప్తారు. ఆ ముక్కతోనే కేసు తేలుతుంది, పేరు మాత్రం టోపీకి వస్తుంది.

ఆ పనిమనిషి మాట కూడా వంకరగా ఉంటుందని బాబా చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, చిన్నపిల్లలా మాట్లాడిస్తారట. "నా అరబీ లాగానా?" అన్నాను. అచ్చం నీ అరబీ లాగే అన్నాడు, సంతోషంగా. రాయచోటి సంతలో నేను నోరు తెరిస్తే బేరగాళ్ళు చేతులెత్తి దండం పెట్టేవాళ్ళు. ఇక్కడ నా నోట పది మాటలు. ఆ పది మాటల మనిషినే వీళ్ళు నేననుకుంటారు. ఆ నల్లామె కూడా తన ఇంటికి పోయి తన మాటలో ఎవరిని దులిపేసేదో, ఏ కెమెరా వెంట పోయి చూసింది?

చీనావాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. ఒక సినిమాలో పెద్ద గోళ్ళతో, కిందికి వేలాడే మీసంతో చీనావాడొకడు విషం కలుపుతుంటాడు. చూడగానే నాకు తేడా కొట్టింది. అది తెల్లవాడే. కళ్ళ కొసలు వెనక్కి లాగి ఏదో అంటించారు, మొహానికి రంగు పూశారు. మావైపు పగటివేషాలవాళ్ళను చూసి పెరిగినదాన్ని, పూసిన మొహం నాకు తెలియదా? బాబాకు చెబితే అవునన్నాడు. నిజం చీనావాళ్ళు ఉండేవాళ్ళే, కానీ వాళ్ళకు వంటవాడి వేషం వరకే, పెద్ద వేషమైతే చెడ్డవాడిదైనా సరే తెల్లవాడికే రంగు పూసి ఇచ్చేవాళ్ళు, తెల్లామె పక్కన వేరే రంగు మనిషి మొగుడుగా నిలబడటం కూడా అప్పట్లో బొమ్మలో కుదరదు అని చెప్పాడు. ఆ సినిమాలోనే పోలీసులు చీనా వంటవాడి చెక్కపెట్టె తెరిచి అందులో పొడులూ వేళ్ళూ చూసి అమ్మో అంటారు. వంటవాడు చేతులు తిప్పుతూ ఏదేదో చెప్పబోతాడు, వాడి మాట ఎవరికీ తెలియదు. బాబా పగలబడి నవ్వాడు. "అది టీ ఆకు, జలుబు మందు. తెలియని వస్తువు కనిపిస్తే వీళ్ళకు అది విషమే," అన్నాడు. ఆ మాట విన్నాక ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంకో రోజు ఎడారి సినిమా ఒకటి వచ్చింది. అందులోనూ హత్యే. తలగుడ్డ కట్టుకున్న మనిషొకడు సందులోంచి సందులోకి జారుకుంటూ, బంగారుపళ్ళు కనపడేలా ఇకిలిస్తూ, పిల్లల్ని అమ్ముతుంటాడు. బాబా మొహం మాడిపోయింది. రిమోటు విసిరి నావైపు తిరిగాడు.

"ఇహ్నా చిదీ?" అన్నాడు. మేమిట్లా ఉంటామా?

ఆ ముసలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు నిజంగా జాలేసింది. లేదు బాబా, మీరట్లా ఉండరు అన్నాను. ఆ పూట ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ ఇంట్లో పనికి నేనొక్కదాన్నే కాదు. బాబా భార్యను, అంటే పెద్ద మామాను, చూసుకోవడానికి మా పక్క మండలం నుంచి వచ్చిన అక్క ఉండేది. నోట్లో నాలుక లేని మనిషి. నాలుగేళ్ళుగా ఆ ఇల్లు దాటి ఎక్కడికీ పోలేదు, శుక్రవారం సెలవు పూట మనవాళ్ళంతా కలిసే ఖైతాన్ పోదాం రమ్మని నేనన్నా మామాను ఎవరు చూస్తారని వచ్చేది కాదు. ఊళ్ళో ఆమెకు ఒక్కతే కూతురు. తొలికాన్పు. మాలో తొలికాన్పు తల్లి చేతిమీద జరగాల్సిందే. అక్క కఫీల్‌ను, అంటే మా కాగితాలన్నీ చేతిలో ఉన్న బాబా పెద్దకూతుర్ని, ఆరునెలల ముందునుంచే బతిమాలుకుంది. చివరికి సెలవు దొరికింది. గురువారం టికెట్టు. ఆ నెలంతా అక్క నడుస్తుంటే నేల మీద కాళ్ళు ఆనలేదు. ఉయ్యాల గుడ్డ, దుప్పట్లు, పాలపొడి, ఎండు ఖర్జూరం, ఒక్కొక్కటీ పెట్టెలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టేది.

మామాకు అక్క అంటే ప్రాణం. రోజూ ఉదయం అక్కే ఆమె తల దువ్వేది. మామాకు జబ్బు చేసినప్పటినుంచి వెంట్రుకలు బాగా రాలుతున్నాయి, దువ్వెనకు వచ్చిన పాయ చూసుకొని ఆ ముసలామె ఏడ్చేది. అందుకని అక్క ఆమెకు కనపడకుండా రాలినవన్నీ చుట్టచుట్టి తీసేసేది.

ఆ తీసేసినవి ఏమయ్యాయన్నదే ఈ కథ.

మావైపు ఆడవాళ్ళు రాలిన వెంట్రుకలు పారేయరు. కాళ్ళకింద పడకూడదు, గాలికి పోకూడదు, పరాయివాళ్ళ చేతికి అసలే చిక్కకూడదు. ఎవరన్నా తీసుకుపోయి చేతబడి చేస్తారని భయం. అందుకే చుట్టచుట్టి గోడ సందులో, చూరులో దోపుతారు. సవరానికి సరిపడా అయితే సవరం కట్టిస్తారు, లేకపోతే సామాన్లమ్మేవాడు వచ్చినప్పుడు ఇచ్చి గిన్నె తీసుకుంటారు. అక్కది మోకాళ్ళదాకా జుట్టు. నాలుగేళ్ళ వెంట్రుకలు గుడ్డసంచిలో దాచింది, కూతురిది పలచటి జడ కాబట్టి సవరం చేయించాలని. మామావి మాత్రం విడిగా పెట్టింది. గోరింటాకు పెట్టిన ఎర్రటి వెంట్రుకలు, పసుపుదారంతో కట్టిన చిన్న ఉండ. అవి పారే నీళ్ళలో వదలాలట. ఈ దేశంలో పారే నీళ్ళు ఎక్కడున్నాయి? ఉన్నది సముద్రం, అది ఉప్పు. అందుకని ఊరికి తీసుకుపోయి ఏట్లో వదిలేద్దామనుకుంది. యజమానురాలి మీద ఇంత ప్రేమ ఎవరన్నా పెట్టుకుంటారా? అక్క పెట్టుకుంది. పిచ్చిమనిషి.

ఇక్కడి ఇళ్ళల్లో ఒక పద్ధతి. పనిమనిషి సెలవుకు పోయే ముందు ఆమె పెట్టె హాల్లో తెరిచి చూస్తారు. అది పరువుతక్కువని మాకు ఎప్పుడో అనిపించడం మానేసింది. మంగళవారం సాయంత్రం, మా సినిమా నడుస్తుండగానే, పెద్దకూతురు వచ్చి అక్క పెట్టె తెరవమంది. బాబా శబ్దం తగ్గించాడు. అక్క నవ్వుతూనే ఒక్కొక్కటీ తీసి పరిచింది. ఉయ్యాల గుడ్డ చూసి పెద్దకూతురు కూడా నవ్వింది. తర్వాత సంచి తీసింది.

తాళ్ళలాంటి నల్లటి వెంట్రుకలు ముందు బయటికొచ్చాయి. వాటి అడుగున పసుపుదారం కట్టిన ఎర్రటి ఉండ. తల్లి వెంట్రుకల్ని ఏ కూతురు గుర్తుపట్టదు? ఆమె చేతిలోంచి అది జారిపడింది. రెండడుగులు వెనక్కి వేసి, "సిహర్," అంది.

సిహర్ అంటే చేతబడి. ఇక్కడ అది ఆడిపోసుకునే మాట కాదు, పోలీసు కేసు. ఆ నెలంతా పెద్ద మామా తల తిరుగుతోందని మంచం దిగలేదు, అన్నం సహించలేదు. ఆ సంగతీ ఈ ఉండా పెద్దకూతురి మనసులో ఒకటికొకటి అతుక్కుపోవడం నా కళ్ళముందే జరిగింది. ఆమెను తిట్టాలని ఉంది గానీ, మా ఊళ్ళో మా అమ్మ వెంట్రుకలు పరాయిమనిషి పెట్టెలో దొరికితే నేనైనా జుట్టుపట్టి ఈడ్చి ఉండేదాన్ని. ఏ భయంతో అక్క ఆ వెంట్రుకలు దాచిందో, ఆమెదీ అదే భయం.

నేను లేచి అడ్డం పోయాను. చెప్పాలి కదా. నా అరబీలో చెప్పాను. మామా వెంట్రుకలు, మంచిది, నేల మీద వద్దు, మా ఊరు, నీళ్ళు, నీళ్ళలో వేస్తే మామాకు మంచిది. చేతులు తిప్పుతూ అవే మాటలు అటూ ఇటూ మార్చి చెప్పాను. నా మాటలు నాకే మంత్రం చదివినట్టు వినపడ్డాయి. పెద్దకూతురు చెవులు మూసుకుంది. ఏటికి అరబీలో మాటేమిటో నాకు ఆరోజుకీ తెలియదు, ఈ దేశంలో ఏరు లేదు గనక ఎవరూ నాకు నేర్పలేదు.

అక్కకు ఇంకా అర్థం కాలేదు. నా మొహం చూసి, "ఏమంటాండాది పాపా ఆయమ్మ? నేనేం చేస్తి? ఏట్లో ఇడుద్దామనుకుంటి గదా," అంది.

ఆ ఇంట్లో చివరిమాట బాబాది. ఆయన వద్దంటే కూతురు ఫోను కింద పెట్టేస్తుంది, అది నాకు తెలుసు. నేను ఆయన కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఈయన అమెరికాలో చదివినవాడు, చీనావాడి పెట్టెలో ఉన్నది టీ ఆకని నాకు చెప్పినవాడు, తలగుడ్డ దొంగను చూసి కన్నీళ్ళు పెట్టుకున్నవాడు. ఈయనకు అర్థం కాకపోతే ఇంకెవరికవుతుంది?

"బాబా, ఇహ్నా చిదీ?" అన్నాను. మేమిట్లా ఉంటామా?

బాబా నన్ను చూడలేదు. కింద పడిన ఎర్రటి ఉండను చూశాడు. బాగున్న ఎడమచెయ్యి మెల్లగా దుప్పటి కిందికి లాక్కున్నాడు. నేను తాకుతానని భయం. తర్వాత కూతురి వైపు తిరిగి, ముఖ్ఫర్‌కు ఫోన్ చెయ్యి అన్నాడు. ముఖ్ఫర్ అంటే పోలీసుస్టేషను. ఆయన వెనక టీవీలో బొమ్మ ఆడుతూనే ఉంది, టోపీ మనిషి ఎవరినో ప్రశ్నిస్తున్నాడు.

వాళ్ళు వచ్చి అక్కను తీసుకుపోయేటప్పుడు ఆమె ఏడవలేదు. చెప్పులు వేసుకుంటూ నన్నొకటే అడిగింది. "పాపకు నొప్పులొచ్చేతలికి పోతాను గదా?" పోతావక్కా అన్నాను. ఇంకేమనాలి?

పోలేదు. విచారణ అన్నారు, అనువాదానికి మనిషి దొరకలేదన్నారు, పండుగ సెలవులన్నారు. చివరికి నేరం ఏమీ తేలలేదు, అలాగని వదిలిపెట్టనూ లేదు. పది వేళ్ళ ముద్రలు తీసుకొని మళ్ళీ ఈ దేశంలో అడుగుపెట్టకుండా చేసి పంపేశారు. ఈలోగా ఊళ్ళో కూతురు నొప్పులు పడింది. అమ్మ ఫోను ఎత్తడం లేదని నాకు చేసింది. సెలవు వెనక్కిపోయింది బిడ్డా, మీ అమ్మ బాగుంది అని చెప్పి, ఫోను పెట్టేసి, బాత్రూములో కొళాయి తిప్పి ఏడ్చాను. మనవడు పుట్టాడు. అత్తగారు పురుడు పోసింది. పెద్ద మామాకేమో అక్క సెలవు మీద పోయిందనే చెప్పారు. తల దువ్వుతుంటే ఇప్పటికీ నన్ను అడుగుతుంది, ఎప్పుడొస్తుందని.

ఖైతాన్‌లో ఒక శుక్రవారం, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న పెద్దామె ఒకామెకు ఇదంతా చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది. వెంట్రుకలు, దారాలు, నిమ్మకాయలు, ఫొటోలు, ఇవేవీ కువైట్ ఇంట్లో పెట్టుకోకూడదు, తాడిచెట్టు కింద కూర్చొని పాలు తాగినా కల్లే అంటారు, రాలిన వెంట్రుక రాలినట్టే నీళ్ళు కొట్టి పంపేయాలి అంది. ఏ ఏజెంటూ ఇది చెప్పడు. ఆ రోజునుంచి నేను నా వెంట్రుకలు టాయిలెట్లో వేసి నీళ్ళు వదులుతున్నాను. ప్రతిసారీ మా అమ్మ తిడుతున్నట్టే ఉంటుంది.

కథ ఇంతటితో అయిపోయినా బాగుండేది. అక్క వట్టిచేతులతో ఊరు చేరింది. ఆమె కంటే ముందు మాట చేరింది. ఇక్కడ సిహర్ అన్నది అక్కడికి పోయేసరికి చేతబడి అయింది. కువైట్ పోలీసులు ఊరికే పట్టుకుంటారా అన్నారట. వియ్యపురాలు ఆమెను వాకిట్లోనే మంచం వేసి కూర్చోబెట్టింది, కాఫీ ఇచ్చింది, బిడ్డను మాత్రం ఇవ్వలేదు. కూతురు గడపలోపల బిడ్డనెత్తుకొని నిలబడి చూపించిందట. పుట్టువెంట్రుకలు తీయించిన రోజు అక్కను పిలవలేదు. ఇదంతా అక్క నాకు ఫోనులో చెప్పింది, ఎవరి మీదా కోపం లేకుండా. "నా పాప దిక్కు చూసినా మే. నా పాప గూడా బిడ్డను ఇంత గట్టిగా పట్టుకోనుండె," అంది. అంతమందిలో అక్కను నిజంగా చంపింది ఆ పట్టుకోవడమే.

నేను ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాను. ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, గడువు అయ్యేదాకా ఎక్కడికి పోతాను? బాబా కొన్నాళ్ళు నన్ను దగ్గరికి రానివ్వలేదు. నా గది వెతికించాడు, నా దువ్వెన పారేయించాడు. తర్వాత చేతివేళ్ళు బిగుసుకుపోయి నొప్పి పుడితే మళ్ళీ పిలిచాడు. మళ్ళీ సాయంత్రం, మళ్ళీ టీవీ, మళ్ళీ శవం. నేను వేళ్ళు సాగదీస్తూ, తలుపు తీసే మనిషిని చూస్తూ కూర్చుంటాను. నిన్న ఒకామె వచ్చింది. కోటు అందుకుంది, లోపలున్నవాళ్ళ వైపు ఒక్క క్షణం తలతిప్పి చూసింది. ఆమె ఏదో చూసింది. ఎవరూ అడగలేదు. తలుపు వేసి వెళ్ళిపోయింది.

బాబా బొమ్మ ఆపాడు. చాలా రోజుల తర్వాత మొహంలో కాస్త వెలుగొచ్చింది.

"మినూ హరామీ?"

నేను లేచి టీవీ దగ్గరికి పోయి, మూసిన ఆ తలుపు మీద వేలు పెట్టాను. పనిమనిషి అన్నాను.

బాబా నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది, గడ్డం మీదికి ఎంగిలి కారింది. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చొని ఇంకా నేర్చుకోలేదా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు, పనిమనిషి ఎప్పుడూ దొంగ కాదు అన్నాడు.

నేను గుడ్డ తెచ్చి ఆయన మూతి తుడిచాను.